కాళ్ళ గుంటలకు బస్కీల వైద్యం

మా కాలంలో ఆడపిల్లకు తన కాళ్ళు చీలమండల దాకానే తెలిసేవి. ఆపైన ఏముందో లంగాకు తెలియాలి, పెళ్ళయ్యాక చీరకు తెలియాలి. ఇంట్లో అద్దమంటే బాపు గడ్డం గీసుకునే అరచేతి అద్దం ఒక్కటే. అందులో ఒకసారికి ఒక చెంప కనిపిస్తే గొప్ప; ముక్కు చూసుకున్నాక చెవి చూసుకోవాలంటే అద్దాన్ని జరపాల్సిందే. అలాంటి అద్దంతో పెరిగాం కాబట్టి మా మీద మాకు పెద్దగా ఫిర్యాదులుండేవి కావు. కనిపించని దాని గురించి ఎవరేడుస్తారు? పద్దెనిమిదేళ్ళు వచ్చేదాకా నేనూ ఏడవలేదు. ఆ తర్వాత మాత్రం నాకే కనిపించని నా కాళ్ళ వెనుక భాగం గురించి నేను పడ్డ దిగులు, (ఇప్పుడు చెప్పుకుంటే నవ్వొస్తుంది గానీ) మా బాపు వానల కోసం పడ్డ దిగులుకు ఏమాత్రం తీసిపోయేది కాదు.

మాది కోస్గి దగ్గర ఒక పల్లె. జొన్నచేన్లు, మేకలు, గొర్రెలు, కొట్టం నిండా బర్రెలు. మా ఊళ్ళో ఏడో తరగతి దాటిన మొదటి ఆడపిల్లను నేనే. పంతులమ్మ ట్రైనింగు కోసం బాపు నన్ను పాలమూరు హాస్టల్లో చేర్పించినప్పుడు (మహబూబ్‌నగర్‌ను మేమంతా పాలమూరనే అంటాం) మా వాళ్ళలో పెద్దమనుషులు ఊరుకోలేదు. "ఆడివిల్లను గంత దూరం తోలి ఏం జేస్తవ్? రేపు మీ మేకలకు సదువు జెప్పిస్తవా?" అని నలుగురిలో ఎగతాళి చేశారు. బాపు తలపాగా సర్దుకుని లేచి వచ్చేశాడు. నేను ట్రైనింగు పాసై కాయితం చేతబట్టుకుని రావాలి. ఆయన జవాబు అదే. ఆ సంగతి నాకూ తెలుసు.

హాస్టల్లో నా పక్క మంచం హైదరాబాదు నుంచి వచ్చిన అమ్మాయిది. మేమంతా ఆమెను 'పట్నం పిల్ల' అనేవాళ్ళం. ఆమె దగ్గర రంగు బొమ్మల ఇంగ్లీషు పత్రికలుండేవి. ఇంగ్లీషు మాకెవరికీ అంతగా రాదు కాబట్టి, అందులో ఏముందో ఆమె చెప్పిందే వేదం. ఒకనాడు నేను లంగా పైకి చెక్కి, నీళ్ళ తొట్టి దగ్గర వంగి బట్టలు పిండుతున్నాను. వెనుక నుంచి "అయ్యో!" అన్న కేక వినిపించింది. పామేమోనని ఎగిరి గంతేశాను.

"పాము గాదే. నీ తొడలెనక అన్ని గుంటలే" అంది పట్నం పిల్ల, పల్లిపట్టి నములుతూ.

"గుంటలేంది?"

"చల్లారిన గటక మీద ఏళ్ళు గుచ్చినట్లు ఉన్నయి. లోపల కొవ్వు గట్ల ముద్దలు గడ్తదట. కసరత్తు జేస్తే పోతయని మా బుక్కుల రాసిండ్రు."

జొన్నరవ్వ గటక తిని పెరిగినదాన్ని కాబట్టి ఆ పోలిక నాకు కళ్ళకు కట్టినట్టు అర్థమైంది. ఆమె మిగిలిన పల్లిపట్టి తినేసి, చేతులు దులుపుకుని వెళ్ళిపోయింది. (ఎదుటివాళ్ళ బతుకు తలకిందులు చేసినవాళ్ళు ఆ తర్వాత ఇంత తాపీగా ఉండడం నేను జీవితంలో చాలాసార్లు చూశాను.) నేను మాత్రం ఆ రోజు నుంచి గోడకు వీపు ఆనించి నడవడం మొదలుపెట్టాను.

గోడల వెంట నడిచి ఏడాది గడిపేసేదాన్నేమో గానీ, అంతలో మా డ్రిల్లు టీచరమ్మ ఒక ప్రకటన చేసింది. మెడలో ఎప్పుడూ సీటీ, అంటే ఈల, వేలాడుతుండే ఆ మనిషికి మేం 'సీటీ టీచరమ్మ' అని పేరు పెట్టుకున్నాం. చలికాలంలో బడి వార్షికోత్సవం ఉంటుందనీ, పెద్ద అధికారులు వస్తారనీ, అమ్మాయిలంతా మోకాళ్ళ దాకా ఉండే తెల్ల గౌన్లు తొడిగి డ్రిల్లు చేసి చూపించాలనీ, చేయనివాళ్ళకు డ్రిల్లులో మార్కులు పడవనీ చెప్పింది. మార్కులు లేకపోతే కాయితం లేదు. గౌను వేసుకుంటే గుంటలు బయటపడతాయి. వేసుకోకపోతే బాపు పరువు పోతుంది. ఈ రెంటి మధ్య నలుగుతూనే ఎండాకాలం సెలవులకు ఇంటికి వెళ్ళాను.

వెళ్ళిన మరునాడే, బాపు చేనుకు పోగానే ఆ అరచేతి అద్దం తీసుకుని కొట్టంలో దూరాను. అద్దాన్ని కాళ్ళ వెనుకకు పెట్టి, మెడ తిప్పి, నడుం తిప్పి, ఒంటికాలి మీద గుండ్రంగా తిరుగుతున్నాను. ఎంత తిరిగినా అద్దంలో బర్రె ముఖమే కనిపిస్తోంది. అంతలో పేడతట్టతో వదిన వచ్చింది.

"ఏమైందే పిల్లా? తేలు గుట్టిందా?"

దాచలేక అంతా చెప్పేశాను. వదిన కొంగు నోట్లో కుక్కుకుని నవ్వింది. నవ్వి నవ్వి, తట్ట దింపి, "ఏదీ, జూడనీ" అని వెనుకకు వచ్చి వంగింది. "ఉన్నయే. మస్తుగున్నయి" అంది. తర్వాత వెళ్ళి కొట్టం తడక దగ్గరగా వేసి వచ్చి, గొంతు తగ్గించి, "జర నాయి గూడ జూడు" అంది.

మా వదిన జొన్నదంటులా సన్నగా ఉండేది. ఆమెకు కొవ్వెక్కడిది, గుంటలెక్కడివి అనుకుంటూ చూశాను. ఉన్నాయి! అబద్ధం చెబుదామనుకున్నాను గానీ నా ముఖం అప్పటికే చెప్పేసింది. వదిన చీర దించుకుని గడ్డిమోపు మీద కూలబడింది. "ఇన్నేండ్లాయె లగ్గమై. మీ అన్న ఒక్కనాడన్న జెప్పలే సూడు!" అంది. ఆ పూట మా అన్నకు మాడిపోయిన రొట్టె తప్ప మరేమీ దొరకలేదు. ఎందుకో ఆయనకు చివరిదాకా తెలియలేదు.

కొవ్వు సిద్ధాంతం అలా దెబ్బతినడంతో నేను ఇంకో సిద్ధాంతం తీశాను. కదలకుండా కూర్చుంటేనే గుంటలు పడతాయనీ, రోజంతా నడిచేవాళ్ళకు ఉండవనీ అన్నాను. రుజువుకు మా మేనత్త ఉంది. ఆమెది మా పక్కిల్లే. పొద్దున మేకల వెంట గుట్టకు పోతే, మళ్ళీ దీపాలు పెట్టేవేళకే రావడం. ఆమె చీర ఎగ్గట్టి గోడకు ఎర్రమట్టి పూస్తున్నప్పుడు నేనూ వదినా వెళ్ళి వెనుక నిలబడ్డాం. మేనత్త పూస్తూ పూస్తూ ఆగింది.

"ఏందే, ఇద్దరు గట్ల గుడ్లప్పగించి చూస్తున్నరు? నా ఎనక దయ్యం గిట్ల ఉన్నదా?"

దయ్యం కాదు, గుంటలే. గుట్టలెక్కే ఆ కాళ్ళకూ ఉన్నాయి. సంగతి చెప్పగానే మేనత్త మట్టిచేతులతోనే వెనుక తడుముకుని, "ఎన్నడొచ్చినయే గివి? మొన్న అంగడికాడ కింద వడ్డ, గందుకేనా?" అని కంగారుపడింది. నా సిద్ధాంతం రెండోసారి కూడా కూలిపోయింది. అయినా పంతులమ్మ కాబోతున్నదాన్ని, ఓడిపోయానని ఎలా ఒప్పుకుంటాను? "వట్టి నడకతోని పోవు అత్తా. వీటికి బస్కీలే కావాలె" అని తీర్పు చెప్పాను. తాలీంఖానాలో కుస్తీ పట్టే మగపిల్లలు, నిటారుగా నిలబడి గొంతుక్కూర్చుని మళ్ళీ లేస్తారే, అవే బస్కీలు.

మధ్యాహ్నం మగవాళ్ళు చేనుమీద ఉండగా, కొట్టంలో ముగ్గురం కొంగులు దోపుకుని మొదలుపెట్టాం. వదిన లేస్తూ మూలిగేది, మేనత్త కూర్చుంటూ మూలిగేది. వాకిట్లో కూర్చున్న మా అవ్వకు చూపు ఆనదు గానీ చెవులు పాము చెవులు. "కొట్టంల బర్రె ఈనుతాందా ఏందే? జర చూడుండ్రి!" అని కేకేసేది. మరునాటికి మా ముగ్గురి తొడలూ కొయ్యబారిపోయాయి. వదిన పొయ్యి ముందు కూర్చుంటే లేవలేదు, లేస్తే కూర్చోలేదు. మేనత్త గుట్ట దిగలేక మధ్యలో ఆగిపోతే మేకలు ఆమెను వదిలేసి వాటంతటవే ఇంటికొచ్చాయి. బాపు అందరినీ ఎగాదిగా చూసి, "ఇంట్ల ఆడోళ్ళందరికి ఒక్కసారే వాతమొచ్చిందా? దవాఖానకు బండి గట్టమంటరా?" అన్నాడు.

బండి తప్పింది గానీ అటుపక్క ఇంటి ముసలమ్మ తప్పలేదు. ఆమె గోడ మీదుగా మమ్మల్ని చూసింది. పొద్దుగూకే లోపల ఊరంతా తెలిసింది. రచ్చకట్ట దగ్గర ఆ పెద్దమనుషులే బాపును ఆపి, "మీ ఇంట్ల ఆడోళ్ళు గుంజీళ్ళు తీస్తున్నరట గదా! ఏం తప్పు జేసిన్రు?" అని అడిగారట. బాపు ఎర్రబడ్డ ముఖంతో వచ్చి వాకిట్లో నిలబడ్డాడు. "ఏం నడుస్తాంది ఇంట్ల?"

మామగారికి గుంటల సంగతి ఏ కోడలు చెబుతుంది? కానీ మా వదిన వదినే. తలమీద కొంగు కప్పుకుని, ఎంతో వినయంగా, "వాన కోసం మొక్కినం మామా" అంది.

బాపు ముఖం ఒక్కసారిగా మెత్తబడింది. ఆ ఏడు మృగశిర కార్తె వచ్చినా చుక్క రాలలేదు; విత్తనాలు గుమ్మిలోనే ఉన్నాయి. ఆయన ఆకాశం వైపు చూసి, "మంచిది బిడ్డా, తియ్యుండ్రి" అని లోపలికి వెళ్ళిపోయాడు. మరునాడు మా వాడకట్టు ఆడవాళ్ళందరూ పసుపు కుంకుమలతో దిగిపోయారు. కప్పతల్లి ఆట ఆడితే రాని వాన బస్కీలకైనా రాకపోతుందా అని వాళ్ళ ఆశ. పాలమూరులో చదివే పిల్ల తెచ్చిన మొక్కు కాబట్టి దానికి విలువ కూడా ఎక్కువే. నేను ముందు నిలబడి సీటీ టీచరమ్మలా లెక్కపెడుతుంటే వెనుక ముసలీ ముతకా అంతా లేచి కూర్చుని చేశారు. అలా కొన్ని రోజులు గడిచాక ఒక సాయంత్రం పడమటి నుంచి నల్లని మబ్బు లేచింది. ఊరంతా బయటికొచ్చి చేతులు జోడించింది. మబ్బు మా నెత్తిమీదుగా మెల్లగా సాగి, వెళ్ళి పక్కూరి మీద కుండపోతగా కురిసింది. (ఆ ఊరివాళ్ళు మాకెంత రుణపడి ఉన్నారో వాళ్ళకింకా తెలియదు.) మాకు ఇంకో వారానికి పడింది. అందరూ చేన్లకు పోయారు. కొట్టం మళ్ళీ బర్రెలదైంది.

నేను పాలమూరు వెళ్ళే ముందు పరీక్ష జరిగింది. మేనత్త అంగడిలో మేకను కొనేటప్పుడు నొక్కినట్టు నా తొడ నొక్కి, "రాయి లెక్కైంది" అంది. వదిన మాత్రం నన్ను నిలబెట్టి, కూర్చోబెట్టి, వంగమని, నిదానంగా చూసి చెప్పింది: "నిలవడితే కొంచెం తక్కువ గానొస్తున్నయి. వంగితే మాత్రం అన్ని గట్లనే ఉన్నయి."

సరే, వంగకుండా ఉంటే చాలని నిర్ణయించుకుని హాస్టల్‌కు వెళ్ళాను. మొదటి రోజు డ్రిల్లులో మిగతావాళ్ళంతా రొప్పుతుంటే నేను ఉషారుగా లేచి కూర్చోవడం సీటీ టీచరమ్మ కంట్లో పడింది. దగ్గరకొచ్చి నా కాళ్ళ చుట్టూ ఒక ప్రదక్షిణ చేసి, "నీయి కాళ్ళు గాదే, బురుజులు! పిరమిడ్‌ల కింది వరుస, నడుమ నువ్వే!" అని ప్రకటించింది. పిరమిడ్ అంటే అమ్మాయిలు ఒకరి మీద ఒకరు ఎక్కి గోపురంలా నిలబడడం. కింది వరుసవాళ్ళు చేయాల్సిన పని ఒక్కటే: వంగి ఉండడం!

"టీచరమ్మా, నేను వంగేది గాకుండ నిలవడే దాంట్ల ఉంట" అని బతిమాలాను.

"నువ్వు నిలవడితే మీద ఉన్నోళ్ళందరు కింద వడ్తరు. నోర్మూసుకోని వంగు."

వార్షికోత్సవం రోజు రానే వచ్చింది. అధికారులూ మగవాళ్ళూ ముందువైపు కూర్చుంటారు కాబట్టి వాళ్ళకు నా ముఖమే కనిపిస్తుందని ధైర్యం చెప్పుకున్నాను. మైదానంలోకి వెళ్ళాక చూస్తే, ఆడవాళ్ళకు సరిగ్గా మా వెనుకవైపు జంపఖానాలు పరిచారు. అక్కడ ముందు వరుసలోనే అవ్వ, వదిన, మేనత్త! బాపు మగవాళ్ళలో ఉన్నాడు; ఆయన పక్కనే, ఎగతాళి చేసిన ఆ పెద్దమనుషుల్లో ఇద్దరు. (ఆయనే పిలుచుకొచ్చాడట.) సీటీ మోగింది. కింది వరుస అమ్మాయిలం ముగ్గురం వంగాం. ఎవరూ చూడకుండా నేను ఒక చేతిని మోకాలి మీద ఉంచి, రెండో చేత్తో గౌను అంచును వెనుకకు బిగించి పట్టుకున్నాను. మా మీద ఇద్దరెక్కారు. వాళ్ళ మీద జెండా పట్టుకుని పట్నం పిల్ల ఎక్కింది. సరిగ్గా అప్పుడు సుడిగాలి లేచింది. ఎర్రటి దుమ్ము కళ్ళల్లో పడింది. నా ఎడమపక్క అమ్మాయి, "అక్కా, నా కాళ్ళు వణుకుతున్నయి, పడిపోత" అని ఏడుపు గొంతుతో గొణిగింది.

ఆమె పడితే అందరం పడతాం. ఆమె నడుం పట్టుకోవాలంటే గౌను వదలాలి. ఎదురుగా బాపు మెడ చాచి చూస్తున్నాడు. దేవుడా అనుకుని గౌను వదిలేసి, ఆమె నడుం చుట్టూ చెయ్యి వేసి, బరువంతా నా తొడల మీదకు లాక్కున్నాను. గౌను గాలికి ఎటు పోయిందో, వెనుక ఎంత కనిపించిందో నాకు తెలియదు. తొడలు మండిపోతున్నాయి గానీ కదల్లేదు. రెండో సీటీ మోగేదాకా గోపురం నిలిచింది. చప్పట్లు మోగాయి.

అంతా అయ్యాక, ఉరికంబం ఎక్కేదానిలా ఆడవాళ్ళ దగ్గరికి వెళ్ళాను. మేనత్త నా రెండు చేతులూ పట్టుకుని కళ్ళనీళ్ళు పెట్టుకుంది. అవ్వ, "నువ్వు ఎక్కడున్నవే, మీదనా కింద్నా?" అని అడుగుతోంది. నేను వదినను పక్కకు లాగి అడిగాను.

"చూసినవా?"

"చూసిన."

"కనవడ్డయా?"

"ఏంటియి?" అంది వదిన. తర్వాత గుర్తొచ్చి నాలుక కరుచుకుంది. "అయ్యో, గవా! నేనెక్కడ జూసిన పిల్లా? నా పానమంత మీదికెక్కిన పొల్ల మీదనే ఉండె, ఎప్పుడు వడి కాలిరగ్గొట్టుకుంటదో అని. ఎవ్వలు జూడలే, ఫికర్ జెయ్యకు."

ఫికర్ పోయింది గానీ, నిజం చెప్పొద్దూ, కొంచెం చిన్నబుచ్చుకున్నాను. ఎండాకాలమంతా బస్కీలు తీసి, ఊరంతటి చేతా తీయించి, చివరికి ఒక్క మనిషైనా నా కాళ్ళవైపు చూడకపోవడం ఏమిటి? అటు మగవాళ్ళ వైపు బాపు గొంతు వినిపించింది. ఎవరూ అడగకపోయినా, పక్కనున్న పెద్దమనిషికి వేలెత్తి చూపించి చెబుతున్నాడు: "మీదున్నోళ్ళు ఎవరి పిల్లలో నాకెర్క లేదు. కింద మోసింది మాత్రం నా బిడ్డ."

ఆ ఏడు కాయితం వచ్చింది, ఆ తర్వాత కొలువు వచ్చింది. కసరత్తుతో గుంటలు పోతాయా అని ఈ కాలం పిల్లలు నన్నడిగితే, కాళ్ళు గట్టిపడతాయి, గుంటలు కొంచెం మొగమాటపడతాయి, అంతకన్నా ఎక్కువ ఆశించొద్దని చెబుతాను. ఇప్పుడు నా మోకాళ్ళు వానాకాలపు తలుపుల్లా బిగుసుకుపోయాయి; బస్సు మెట్టెక్కాలంటే ఎవరో ఒకరు రెక్క పట్టాలి. ఆ పద్దెనిమిదేళ్ళ కాళ్ళను ఒక్క పూటకు తిరిగిస్తామని ఎవరైనా అంటే, గుంటలతో సహా తీసుకుంటాను. చీర మోకాళ్ళపైకి చెక్కి, పాలమూరు బస్టాండులో ఈ కొస నుంచి ఆ కొసకు నడుస్తాను. ఎవరు చూసినా సరే. చూడనివాళ్ళుంటే మాత్రం పిలిచి మరీ చూపిస్తాను.