లారీ జాకీతో అరుంధతిని పట్టిన సత్యం మావ

నిన్న పొద్దున్న ఆరున్నరకి ఫోన్ మోగింది. స్క్రీన్ మీద "సత్యం మావ సాలూరు".

కట్ చేశాను.

మా మేనమామ పొద్దున్నే ఫోన్ చేశాడంటే రాత్రి తీసిన చుక్కల ఫోటో వాట్సాప్‌లో చూశానా లేదా అని అడగడానికే. నాకేమో విజయనగరంలో ఎనిమిదింటికి ఫిజిక్స్ క్లాసు చెప్పాలి. మళ్లీ మోగింది. మళ్లీ కట్ చేశాను.

మూడోసారి విసుగ్గా ఎత్తి, "సూసేను మావా, బాగుంది" అన్నాను. చూడకుండానే.

అవతల పార్వతత్త. మావ నిద్రలోనే పోయాడని చెప్పింది.

ఇంకా నమ్మబుద్ధి కావడం లేదు. ఆ రెండుసార్లు కట్ చేసినందుకు నా మీద నాకే కోపంగా ఉంది.

మావ గురించి తెలియనివాళ్ల కోసం రాస్తున్నాను. సాలూరులో లారీ స్పేర్ పార్టుల షాపు ఆయనది. పరమ మొండి. 2017లో స్మార్ట్‌ఫోన్ కొన్నాడు. దాంట్లో ప్రో మోడ్ అని ఒకటుందని, షట్టర్ ముప్పై సెకన్లు తెరిచి ఉంచితే కంటికి ఆనని చుక్కలు కూడా పడతాయని ఏ ఘడియలో చెప్పానో గానీ, ఆ రోజు నుంచి ఆయనా నిద్రపోలేదు, నన్నూ పోనివ్వలేదు.

చిన్న ట్రైపాడ్ కొనుక్కో మావా అన్నాను. వినలేదు. షాపులోంచి లారీ జాకీ ఒకటి డాబా మీదికి మోయించాడు. దాని నెత్తిన ఫోన్ బోర్లా పెట్టి, లారీ టైరు కింద అడ్డం పెట్టే చెక్కముక్కతో వంపు సరిచేసేవాడు.

"పది టన్నుల లోడు లేపుతాది ఇది. ఈ ఫోను మొయ్యలేదేటే?"

ఆ ముప్పై సెకన్లూ ఇంట్లో ఎవరూ కదలకూడదు. డాబా అదిరితే చుక్కలు వానపాముల్లా వస్తాయి. ఒకసారి మెట్లెక్కుతున్న నేను ఒంటికాలి మీద ఆగిపోయాను. కింద పాలు పొంగిపోతున్నా అత్త స్టవ్ దగ్గరికి వెళ్లలేదు.

ఇదంతా లైకుల కోసం అనుకునేరు. కాదు.

పార్వతత్తకి చిన్నప్పటి నుంచి రేచీకటి. పొద్దుగూకితే గడప కూడా కనపడదు. పెళ్లి రాత్రి పంతులుగారు అరుంధతి కనపడిందా అంటే భయపడి తలూపేసింది. వారం తిరక్కుండానే సంగతి బయటపడింది. మావ కోపం తెచ్చుకోలేదు సరికదా, నాకూ అగుపడలేదు, ఆకలేసి తలూపేశాను అని ఒప్పుకున్నాడట. ఎప్పటికైనా నీకు అరుంధతిని చూపిస్తానని అప్పుడే మాటిచ్చాడు.

ముప్పై ఏళ్లు ఆ మాట అలాగే ఉండిపోయింది. ఫోన్ చేతికొచ్చాక దారి దొరికింది. చీకట్లో కనపడని మనిషికి వెలుతురున్న స్క్రీన్ మీద కనపడుతుంది కదా.

ఇక దసరా సంగతి చెప్పకపోతే మావ నన్ను క్షమించడు. చెప్పినా క్షమించడు.

సాలూరులో దసరా అంటే లారీల పండగ. షాపులో స్పానర్ల నుంచి జాకీల దాకా అన్నిటికీ పసుపు రాసి బొట్టు పెడతాడు మావ. ఫోన్ కొన్న ఏడు, అది కూడా పనిముట్టే కదా అని దానికీ పెట్టాడు. మరి బొట్టంటే నుదుటి మీదే పెట్టాలి. ఫోన్‌కి నుదురు ఎక్కడ? వెనకవైపు, పైన, సరిగ్గా మధ్యలో.

కెమెరా ఉన్నది అక్కడే.

ఆ రాత్రి ఫోటోలో ఆకాశమంతా ఎరుపూ పసుపూ కలిసిన పొగ. మధ్యలో నాలుగు చుక్కలు. "సాలూరు మీద కొత్త నెబ్యులా" అని ఫ్యామిలీ గ్రూపులో పెట్టేశాడు. డ్రైవర్లకి పంపాడు. అది రాయపూర్ దాకా వెళ్లి, తిరిగొచ్చి, రెండు రోజుల్లో నా క్లాసు పిల్లల ఫోన్లలో తేలింది. ఇది నిజమేనా మేడమ్ అని నన్నే అడిగారు.

మావకి ఫోన్ చేసి, ఒకసారి నీ ఫోన్ వెనక్కి తిప్పి చూడు అన్నాను.

అవతల ఫోన్‌ని గుడ్డతో తుడుస్తున్న చప్పుడు వినపడింది.

"మీ అత్తకి మాత్రం సెప్పకే. ఆ ఎర్రటిది ఎంత బాగుందోనని నిన్నట్నుంచి సూస్తానే ఉంది" అన్నాడు. నేను చెప్పలేదు. అత్తా, ఇది చదివించుకుంటే ఏమీ అనుకోకు.

మొన్న వేసవిలో ఒక రాత్రి ఊరంతా కరెంటు పోయింది. అందరం విసనకర్రలు వెతుక్కుంటుంటే మావ జాకీ దగ్గరికి పరిగెత్తాడు. సప్తర్షుల్లో వసిష్ఠుడు, ఆ పక్కనే ఇన్నేళ్లూ వీధిలైట్ల వెలుతురుకి పడని చిన్న చుక్క, అరుంధతి. రెండూ విడివిడిగా పడ్డాయి. జూమ్ చేసి, బ్రైట్‌నెస్ ఫుల్ పెట్టి అత్త చేతికిచ్చాడు.

అత్త కళ్లజోడు సర్దుకుని చూసింది.

"ఇంత సిన్నదా? దీనికేనా ఆ పంతులు మన సేత అబద్దమాడించేడు?"

అలా అంది గానీ ఫోన్ తిరిగివ్వలేదు. చార్జింగ్ అయిపోయేదాకా చూస్తూనే కూర్చుంది. మావ ఆవిణ్ణి చూస్తూ కూర్చున్నాడు. ఆయన అంత సంతోషంగా ఉండడం నేనెప్పుడూ చూడలేదు.

నిన్న సాయంత్రం సాలూరులో అన్నీ అయిపోయాక, ఎవరో పెద్దావిడ అత్తని ఓదారుస్తూ, మీ ఆయన చుక్కై పైనే ఉంటాడమ్మా, చూసుకో అంది.

అత్త ఏడుపు ఆపి ఆవిడ వైపు తిరిగింది.

"నాకు సుక్కలు అగుపడవని ఆయనకి తెలుసు. నాకు అగుపడని సోటికి ఆయనెల్లడు."

తర్వాత నన్ను పిలిచి, మావ ఫోన్‌లో అరుంధతి ఫోటో తెరిచి ఇమ్మంది. చార్జర్ కూడా పక్కనే పెట్టమంది.

మావా, మొన్న రాత్రి నువ్వు పంపిన ఆఖరి ఫోటో ఇప్పుడు నిజంగా చూశాను. కాస్త కదిలింది. అయినా బాగుంది.

ఇక డాబా మీద ఎవరూ అడుగులు వెయ్యరు. ప్రశాంతంగా పడుకో.