మాను మీద నోరు, మాను కింద గొంతు

నా చిన్నప్పుడు మా ఊళ్లో భారతం ఆడితే అర్జునుడి వేషం మా ఇంటిదే. కాణిపాకం దగ్గర పల్లె మాది. ఎండాకాలంలో ఊరంతా కూడి భారతం పెట్టించేది. అందులో అర్జునుడి తపస్సు రోజు అన్నిటికంటే పెద్ద పండగ. తాటిచెట్టంత మాను పాతి మెట్లు కొట్టేవారు. అర్జునుడు మెట్టుకో పద్యం పాడుతూ పైకెక్కి, కొస నుంచి నిమ్మకాయలు విసరాలి. పిల్లలు లేని ఆడవాళ్లు తలకు పోసుకొని, తడిచీరలతో మాను చుట్టూ బోర్లా పడుకొని ఉండేవారు. కాయ ఎవరి మీద పడితే వాళ్ల కడుపు పండుతుందని నమ్మకం. అయితే ఎక్కినవాడు ఒక్క పద్యం తప్పినా ఆ కాయకు ఫలం ఉండదని పెద్దలు చెప్పేవారు.

ఆ మాను ఎక్కీ ఎక్కీ మా తాతకు మోకాళ్లు పట్టేశాయి. మా నాయన గొంతు విప్పితే కొట్టంలో గొడ్లు బెదిరేవి, కాబట్టి ఆయన పేరు ఎవరూ ఎత్తలేదు. వంతు మా అన్నకు వచ్చింది. పద్యాలన్నీ నాకూ వచ్చు. తాత పక్కన శెనక్కాయలు ఒలుస్తూ వినివిని పట్టేశాను. ఆడపిల్ల మాను ఎక్కదు గనుక నన్నెవరూ అడగలేదు.

అన్న కూడా మొదట్లో ఊరి అయ్యవారి దగ్గర పద్యాలు వల్లెవేసినవాడే. అది తెల్లదొరల రాజ్యం. ఇంగ్లీషు రాకపోతే కచేరీలో బంట్రోతు పని కూడా దొరకదని, నాయన వాణ్ణి ఏడేళ్లకే చిత్తూరులో దొరల బడికి పంపేశాడు. ఆ బడి హాస్టల్లో నోటివెంట తెలుగు వస్తే ఆ పూట కూడు పెట్టరు. ఆకలికి మించిన అయ్యవారు ఎవరున్నారు? సెలవులకు ఇంటికొచ్చినా అన్న తెలుగులో మంచినీళ్లు అడగడానికే తడుముకునేవాడు. అది చదువు తెచ్చిన పెద్దరికం అనుకొని మా అమ్మ మురిసిపోయేది. తలచుకుంటే నాకిప్పటికీ ఒళ్లు మండుతుంది.

ఆ వేసవిలో తాత వాడికి పద్యాలు నూరిపోశాడు. తపస్సు నాడు అన్న కాషాయం కట్టి, గడ్డం పెట్టుకొని మాను ఎక్కాడు. కింద ముందు వరుసలో మా పక్కింటి అక్క పడుకొని ఉంది. ఈ ఏడు కూడా నెల తప్పకపోతే కొడుక్కి మారుపెళ్లి చేస్తానని ఆమె అత్త ఊరంతా చాటింది. మాను మొదట్లో మద్దెలాయన, ఆయన పక్కన తాత, తాత వెనక నేను. సగం దాకా బాగానే సాగింది. ఆపైన అన్న నోరు తెరిచాడు, పద్యం రాలేదు. మళ్లీ తెరిచాడు. జనంలో గుసగుసలు మొదలయ్యాయి. పక్కింటి అక్క తలెత్తి పైకి చూసింది.

తాత మద్దెలాయనకు కన్నుసైగ చేశాడు. మద్దెల జోరందుకుంది. తువ్వాలు మూతికి అడ్డం పెట్టుకొని తాతే పద్యం ఎత్తుకున్నాడు. పైన అన్న నోరు ఆడించాడు, కింద తాత గొంతు పలికింది. కొసకు చేరేదాకా అట్లాగే నడిపించాడు. జనం గోవింద కొట్టారు. నిమ్మకాయ వచ్చి అక్క వీపు మీద పడింది. మా ఇంటి పరువు నిలబడింది. తాత మెడనరాలు ఉబ్బడం చూసింది నేనొక్కదాన్నే అనుకున్నాను.

దిగాక అన్న తాత కాళ్లు పట్టుకొని వెక్కివెక్కి ఏడ్చాడు. "సారీ, సారీ" అన్నాడు.

"ఏమంటాండాడు పాపా?" అని తాత నన్నడిగాడు. నాకూ తెలియదు. వాడు చెప్పుకోవలసిన ఒక్క మాట కూడా మాకు తెలియని భాషలోనే వచ్చింది.

మర్నాడు పక్కింటి అక్క నన్ను పెరట్లోకి పిలిచింది. నిమ్మకాయ ఇంకా ఆమె చేతిలోనే ఉంది. "పాడినోడు ఎక్కలా, ఎక్కినోడు పాడలా. నాకీ కాయ యెట్ల ఫలిస్తాది పాపా?" అంది.

ఆ మాట తాతకు చెప్పాను. ఆయన భుజం మీది తువ్వాలు తీసి పక్కన పెట్టాడు. "పరువు కోసరం ఆయమ్మను గూడా మోసం జేసినా. నా గొంతు వానికి ఒగ పూటకిచ్చినా. బాస యెట్ల ఇయ్యను పాపా?" అన్నాడు.

ఏడాది తిరక్కముందే అక్క మీదికి సవతి వచ్చింది. కాయ ఫలించలేదో, అక్క నమ్మకమే చచ్చిపోయిందో నాకు తెలియదు. దొరలు పోయారు. అన్న తాసిల్దారయ్యాడు, భారతానికి మాత్రం మళ్లీ ఊరి పొలిమేర తొక్కలేదు. తాత పోయాక వేషం మా ఇల్లు దాటిపోయింది.

ఆనాటినుంచి నాకో అలవాటు అంటుకుంది. ఎవరు పాడుతున్నా వాళ్ల నోరు చూడను, గొంతు చూస్తాను. ఇప్పుడు తిరుపతిలో మనవరాలి ఇంట్లో ఉంటున్నాను. మొన్న ఎండాకాలంలో వాళ్లు నన్ను కార్లో మా ఊరి భారతానికి తీసుకెళ్లారు. అర్జునుడు మాను మొదటి మెట్లు ఎక్కుతున్నాడు. పద్యం మైకులో గణగణ మోగుతోంది. వాడి గొంతు మాత్రం కదలడం లేదు. రికార్డు పెట్టి నోరు ఆడిస్తున్నాడు. తాత సిగ్గుపడుతూ చేసిన మోసం ఇప్పుడు ఆచారమై కూర్చుంది. కింద తడిచీరలతో ఆడవాళ్లు అట్లాగే పడుకొని ఉన్నారు.

మునిమనవడు నా చెయ్యి లాగి ఇంగ్లీషులో ఏదో అడిగాడు. పైనున్నాయన ఏమంటున్నాడని అడుగుతున్నాడవ్వా, అని మనవరాలు చెప్పింది. ఆ పద్యంలో ప్రతి మాటా నాకు తెలుసు. వాడికి చెప్పడానికే నా దగ్గర భాష లేదు.