కింది అర్రలో పదమూడు

మా పక్కింటి అన్న పోయాడు. పొద్దున్నే గోడ అవతలి నుంచి వదిన "తమ్మీ, ఒక్కసారి రా" అని పిలిచింది. గొంతు వినగానే తెలిసిపోయింది. చెప్పులు వేసుకోకుండానే పోయాను.

సొంత అన్న కాదు. నాందేడ్‌లో పక్కపక్క ఇండ్లు, అంతే. నేను బాబ్లీ తెలుగు బడిలో చదివినవాణ్ని, ఆయనది ధర్మాబాద్ దిక్కు ఊరు. సాయంత్రం అరుగు మీద కూర్చుంటే చీకటి పడేదాకా నాలుగు మాటలు దాటేవి కావు. ఆయన నాతో అన్నవన్నీ రాసినా కాగితం నిండదు.

అన్న మెడలో తులసి మాల ఉండేది. ఆ మాల వేసుకున్నవాళ్లు మాంసం, కల్లు ముట్టరు. ఏటా పంఢరపురం నడిచి పోయేవాడు. ఆయన ఒక్కగానొక్క ఆడబిడ్డ నాసిక్ దగ్గర ద్రాక్షతో వైన్ చేసే కంపెనీలో కొలువుకు కుదిరింది. భజనలో ఒకాయన "ఏందే, బాపు మెడల తులసి, బిడ్డ చేతుల సీసా" అన్నాడు. అందరూ నవ్వారు. ఆనాటి నుంచి అన్న బిడ్డతో మాట్లాడలేదు.

కొన్నేళ్లకు ఆమె దీపావళికి వచ్చి, తన చేతి మీద తయారైన మొదటి వైన్ ఒక పెట్టెడు వదిన ముందు పెట్టింది.

"ఇవి చల్లటి చీకట్ల ఏండ్లుండాలె అవ్వా. బాపును తాగుమంటలేను. దాచుమను."

మరునాడు పెట్టె అక్కడ లేదు. ఆ ఇంటి కింద పాతకాలపు తహఖానా, నేల కింది అర్ర ఉంది, ఒకప్పుడు జొన్నలు పోసుకునేవారు. అన్న దాన్ని అందులోకి దించాడు.

ఎండలు ముదిరాయి. నేల కింద కూడా ఉక్క మొదలైంది. అన్న నన్ను వెంటబెట్టుకొని బజారులో కూలర్లు, ఏసీలు అమ్మే దుకాణానికి పోయాడు.

చల్లబరిచే మిషన్ కావాలనగానే "క్యా రఖ్నా హై, చాచా?" అన్నాడు దుకాణాయన, ఏం పెట్టుకోను అని.

అన్న కండువాతో మెడలో మాల కప్పుకున్నాడు. నా దిక్కు చూశాడు. నేను నేల దిక్కు చూశాను.

"అర్ర చల్లగుండాలె" అన్నాడు చివరికి.

మనుషులు పండుకునే అర్ర అనుకొని అతను నీళ్ల కూలర్ ఇచ్చాడు. కిటికీ లేనిచోట అది తిరిగితే ఏమవుతుంది? గోడలు చెమ్మగిల్లాయి. సీసాల మీది కాగితాలు బూజుపట్టి ఊడొచ్చాయి. ఒక్కోదాని మీద బిడ్డ సంతకం. అన్న వాటిని పంచె కొసతో అద్ది నీడన ఆరబెట్టాడు.

మళ్లీ పోయాం. ఈసారి కండువా భుజం మీదే ఉంది.

"నా బిడ్డ చేసిన వైను. నేను తాగ. ఖరాబు కాకుంట ఉంచాలె."

'నా బిడ్డ' అనే మాట ఆయన నోట విని ఎన్నాళ్లయిందో. దుకాణాయన నవ్వలేదు, కుర్చీ జరిపాడు. మామూలు ఏసీ అంత చల్లదనం పట్టదన్నాడు, పైగా గాలిని ఎండగొడుతుంది, బిరడా ఎండితే సీసాలోకి గాలి దూరుతుంది అన్నాడు. సీసాల గదులకు వేరే మిషన్ ఉందట, తేమను కూడా నిలుపుతుందట. కాకపోతే లోపలి వేడి బయటికి పోను గోడకు పైన, పెరట్లోకి కన్నం కొట్టాలి.

ఇంటికి వస్తుంటే అన్న అన్నాడు: "వేడి ఎటన్న పోవాలె గద తమ్మీ. లోపట్నే ఉంటే ఎట్ల సల్లబడుతది?"

ఆ సాయంత్రం ఆయనే బిడ్డకు ఫోన్ చేశాడు. "సీసాలు నిలబెట్టాల్నా, పండబెట్టాల్నా?"

అటు నుంచి "పండబెట్టు బాపు. బిరడా తడిగుండాలె" అంది.

మిషన్ బిగించాక ఇక రోజూ ఫోనే. "ఎంతుంది బాపు?" "పదమూడు డిగ్రీలు." "సరే." అంతకుమించి ఇద్దరికీ మాటలు రాలేదు.

"జరమొచ్చిన పిల్లను చూసుకున్నట్టు చూసుకుంటున్నరు, ఇద్దరికిద్దరు" అనేది వదిన.

మధ్యాహ్నాలు అన్న పెరట్లో, ఆ కన్నం నుంచి వేడిగాలి కొట్టేచోటే పీట వేసుకునేవాడు. జరగమంటే "మిషిన్ నడుస్తున్నట్టు ఎరుకైతది" అనేవాడు.

అన్న దినాలు అయ్యాక బిడ్డ కిందికి దిగి సీసాలను చేత్తో తడిమి వచ్చింది. ఒక్కటీ తెరవలేదు. "ఇంక ఆగాలె కాకా" అంది. "నేను మిషిన్ బందు చెయ్య" అంది వదిన.

వదినకు మోకాళ్ల నొప్పులు, మెట్లు దిగడం కష్టం. బిడ్డ నాసిక్ తిరిగిపోయింది, నిన్న సాయంత్రం ఫోన్ నాకే వచ్చింది.

"కాకా, ఎంతుంది?"

దిగి చూశాను. "పదమూడు" అన్నాను.

ఆమె 'సరే' అనలేదు. ఫోన్ పెట్టేయనూ లేదు. ఫోన్‌ను మిషన్ దగ్గరగా, దాని చప్పుడు వినబడేటట్టు పట్టుకొని, ఆ చలిలో అట్లాగే నిలబడ్డాను.