ప్యాడ్ మీద జమిడిక

నా మొగుడు మల్లేశ్‌కు నోరున్నా లేనట్టే. ఏది అడిగినా మంచం పట్టె మీద వేళ్లతో టకటకలాడించి ఊరుకుంటాడు. పెళ్లయిన కొత్తలో "ఈయన మూగాయనా ఏందమ్మా?" అని మా అమ్మను అడిగాను కూడా. ఎయిర్‌పోర్టు పక్కనే ఉన్న తొండుపల్లిలో అత్తగారిది సేద్యం చేసుకునే ఇల్లు. ఈయన మాత్రం ప్యాడ్ బ్యాండులో చేరి, పెళ్లి బరాతుల్లో ఆ కరెంటు వాద్యం రబ్బరు మీద తీన్మార్ వాయిస్తుంటాడు.

మా అత్త దుర్గవ్వ మీదికి ఏటా బోనాల నాడు ఎల్లమ్మ వచ్చేది. పూనకంతో శిగం ఊగుతూ వానల సంగతి, రోగాల సంగతి చెప్పేది. చెప్పులు తెగితే కొత్తవి అడగడానికి కూడా సిగ్గుపడే మనిషి ఆ రోజు ఊరి పెద్దల్ని "ఒరే" అనేది. వాళ్లు చేతులు కట్టుకొని వినేవారు. ఆ ఒక్క రోజు కోసమే ఆమె ఏడాదంతా బతుకుతుందని నాకనిపించేది.

అయితే అమ్మ ఊరికే రాదు. ఎల్లమ్మ కొలుపులు చేసే బైండ్ల సాయన్న చంకలో జమిడిక వాద్యాన్ని ఇరికించుకొని, పుల్లతో మీటి, ఆ మోత చావకముందే దాని తోలుకు కట్టిన నరపు తీగను గుంజాలి. గుంజితే మోత సన్నగా సాగుతూ పైకి పోతుంది. ఆ గుంజుడుకే అత్త ఒళ్లు వణికేది. సాయన్న ముసలాడైపోయాడు, కొడుకులు ఎయిర్‌పోర్టు క్యాబులు నడుపుకుంటూ జమిడిక ముట్టడమే మానేశారు. "ఇగ ఇది నాతోటే పోతది" అని ఆయన మా వాకిట్లో కూర్చుని ఏడ్చాడు.

అప్పుడు దిగాడు నా మూగ మొగుడు. సాయన్నను కొట్టంలో కూర్చోబెట్టి, విమానానికీ విమానానికీ నడుమ దొరికిన సందులో జమిడికను రికార్డు చేశాడు. దాన్ని ప్యాడ్‌లో ఎక్కించి కొడితే అచ్చం అదే మోత, కానీ ప్రాణం లేదు. "గుంజుడేది బిడ్డా?" అన్నాడు సాయన్న.

మల్లేశ్ కొత్తగా తెచ్చిన ప్యాడ్‌కు ఒక గుణముంది. కొట్టిన తర్వాత చేత్తో ఒత్తితే, ఎంత ఒత్తామో దానికి తెలుస్తుంది. ఇక దానితో నెలల తరబడి కుస్తీ! మొదట్లో ఒత్తిన కొద్దీ మోత పెద్దదయ్యేది. "పెద్దగ గాదు, బిగువుగ గావాలె" అనేవాడు సాయన్న. ఒత్తితే బిగుసుకొని పైకి పోవాలి, పోతుంటే నరం తోలును రాసుకునే గీరుడు వినబడాలి, వదిలితే ఇష్టం లేనట్టు మెల్లగా దిగాలి. అడుగున గుమ్మని ఉండాలని నా ఇత్తడి బిందెలో శబ్దం పట్టి కలిపాడు. ఆ గోలలో బిందెకు సొట్ట పడింది, నేను తిట్టిన తిట్లు మాత్రం రికార్డు చేయలేదు, నయం.

ఒకరోజు మధ్యాహ్నం కొట్టంలో మోత లేచింది. బియ్యం చెరుగుతున్న అత్త చేట విసిరేసి నిలబడింది, ఒళ్లంతా వణుకు. "ఆపవయ్యా!" అని నేను అరిచాను. సాయన్న మల్లేశ్ చేతులు పట్టుకొని కళ్లకద్దుకున్నాడు.

ఆ ఏడు సాయన్న పోయాడు. బోనాలకు మల్లేశే వాయించాడు. అత్త ఎన్నడూ లేనంతగా ఊగింది, ఊగి ఊగి పడిపోయింది. దవాఖానలో డాక్టరమ్మ మమ్మల్ని పక్కకు పిలిచి చెప్పింది. "గుండె సగమే పనిచేస్తోందండీ. ఇంకోసారి ఇలా జరిగితే ఆవిడ మనకు దక్కరు." అత్తకు చెబితే నవ్వింది. "అమ్మ ఒచ్చినప్పుడు పానం పోతే గంతకన్న ఏం గావాలె?"

కరవమంటే కప్పకు కోపం, విడవమంటే పాముకు కోపం. వాయించనంటే ఊరు ఒప్పుకోదు, అత్త అసలే ఒప్పుకోదు. వాయిస్తే తల్లి పోతుంది. మరుసటి బోనాల నాడు మల్లేశ్ గుడి ముందు ప్యాడ్ పెట్టి, ఒత్తుడును పట్టే మీటను సున్నాకు తిప్పేశాడు. పక్కనున్న నేను చూశాను. స్పీకర్లు అదిరిపోయాయి, ఆయన అరచెయ్యి ఒత్తుతూనే ఉంది, ఒక్క మోతా పైకి లేవలేదు. పసుపు పూసుకున్న అత్త అట్లాగే నిలబడిపోయింది. ఊరంతా చూస్తోంది.

చివరికి పెద్దమనిషి రాములు అన్నాడు. "అమ్మ దుర్గవ్వను ఇడిసింది. ఇగ ఇంకో ఒళ్లు జూస్కుంటది."

ఎంత మాట! నా నోట్లో నువ్వు గింజ నానదంటారు గాని, ఆ మాటకు బదులు చెబితే మొగుడి పని బయటపడుతుంది. పళ్లు బిగబట్టుకొని అత్తను ఇంటికి తీసుకొచ్చాను.

పసుపైనా కడుక్కోకుండా ఆమె ప్యాడ్ దగ్గరికి పోయి, తానే కొట్టి, అరచేత్తో ఒత్తింది. మోత కదల్లేదు. కొడుకు ముఖంలోకి చూసింది.

"నన్ను సావనియ్యవ్. సరే. మరి బతుకనిచ్చినవా కొడకా?"



ఆ తర్వాత అత్తకు దండం పెట్టేవాళ్లు లేరు. మందులు వేసుకునేది, తినేది, గోడకేసి చూస్తూ కూర్చునేది. ఈ ఏడు బోనాలకు ఊరివాళ్లు స్వరాజ్యం అనే వేరే ఇంటి పడుచు కోడల్ని శిగానికి నిలబెట్టాలనుకున్నారు. మల్లేశ్ "నేన్ రాను" అన్నాడు. అత్తే అతని చెయ్యి పట్టుకుంది.

"పో బిడ్డా. ఒత్తి కొట్టు. గా పిల్ల మీదికన్న రానీ. నేను లెవ్వ, నీ మీద ఒట్టు."

గుడి ముందు జనంలో నా పక్కనే కూర్చుని నా మణికట్టు పట్టుకుంది. మల్లేశ్ మా వైపు చూసి మీట తిప్పాడు. మొదటి దెబ్బకే మోత సాగి పైకి పోయింది. స్వరాజ్యం కొప్పు విడిపోయింది. అత్త వేళ్లు నా చేతిలో దిగబడ్డాయి. అక్కడ కొడుకు ఎంత ఒత్తితే ఇక్కడ తల్లి అంత ఒత్తింది, అతను వదిలితే ఇష్టం లేనట్టు మెల్లగా వదిలింది. కళ్లు మూసుకొని పెదవి కొరికి పట్టింది.

"ఇంటికి పోదాం పా అత్తమ్మా" అన్నాను, ఏడుపు ఆగక.

"ఊకో."

ఊరంతా స్వరాజ్యం కాళ్ల మీద పడుతోంది. అత్త లేవలేదు. మోత ఆగాక చూస్తే నా మణికట్టు కమిలిపోయి ఉంది. దాన్ని కొంగుతో మెల్లగా రుద్దుతూ అన్నది.

"జర గూడ తప్పలే. సాయన్న లెక్కనే గుంజిండు నా కొడుకు."