పెంట తోలిన చెలక

వేసవి చివర ఒక మధ్యాహ్నం వనపర్తి గ్రంథాలయపు హాలులో పర్యావరణ రచయిత్రి ఒకరు ప్రసంగిస్తారనీ, సభకు నేను అధ్యక్షత వహించాలనీ కబురు వచ్చింది. బస్సులో నా పక్కన నా కౌలుదారు కూర్చున్నాడు. "ఎండతోని కరెంటు సంగతి చెప్తరంట గద సారూ, నేను గూడ వస్త" అని తానే బయలుదేరాడు.

కొత్తకోట దాపున నాకు నాలుగెకరాల ఎర్రచెలక, వాన మీదనే పండే మెట్టచేను, ఉంది. అతడు ఏడేళ్లుగా దానిని సాగు చేస్తున్నాడు. అంతకు ముందు భార్యతో కలిసి ఏటా బొంబాయికి మట్టిపనికి పోయేవాడు. ఈ చెలక దొరికిన తరువాతనే ఆ వలస మానుకున్నాడు.

ఆ చెలకను సౌరఫలకాలకు ఇస్తానని నేను ఒక మధ్యవర్తికి మాట ఇచ్చాను. సంతకం మాత్రమే మిగిలింది. కౌలుదారుకు ఆ సంగతి చెప్పలేదు.

మా వైపు కౌలుకు కాగితం ఉండదు. ఉగాది దాటేలోగా పట్టాదారు వద్దనకపోతే ఆ ఏడు కౌలు నిలిచినట్లే. అప్పుడు కౌలుదారు తన పశువుల ఎరువును, మా మాటలో పెంటను, బండితో చేనికి తోలుకుంటాడు. పెంట తోలినవానిని లేవగొట్టడం మర్యాద కాదు. నేనేమో రేపు చెబుదాము, ఎల్లుండి చెబుదాము అనుకుంటూ పండుగను దాటించాను. అతడు చేనంతా పెంటకుప్పలు పోశాడు.

రచయిత్రి స్వరం దూరపు గుట్ట మీద కురిసే వాన వలె వినవచ్చింది. వేసవులు పొడవవుతున్నాయనీ, వానలు తమ కార్తెలను మరచిపోతున్నాయనీ, బొగ్గును విడిచి ఎండనే ఇంధనంగా చేసుకోవాలనీ ఆమె చెబుతుండగా నా రెప్పలు వాలాయి. నిద్ర కాదు, మెలకువా కాదు. చెలక అంతటా నల్లని అద్దాలు పరచుకున్నాయి. ఆకాశం దిగివచ్చి వాటిలో పవళించింది. మబ్బులు నేల మీద నడుస్తున్నాయి. కౌజుపిట్టలు తమ నీడలను తామే ముక్కుతో పొడుస్తున్నాయి. ఎంత సుందరంగా ఉందో! అంతటి సౌందర్యంలోనూ మనిషి అడుగుల సవ్వడి లేదు. బండిచక్రాల జాడలు అద్దాల అంచు దాకా వచ్చి ఆగిపోయాయి.

"మేడమ్, జర ఒక్కమాట!"

ఉలికిపడి కన్నులు తెరిచాను. వెనుక వరుసలో నా కౌలుదారు నిలబడి ఉన్నాడు.

"గా పలకలు ఏస్తే కింద పల్లికాయ పండుతదా?"

సభ నవ్వింది. "పండితే గా పలక మీదనే ఏంచుకొని తినొచ్చు" అన్నాడు ముందు వరుసలోని మాస్టరు ఒకరు.

"ఇత్తనం నువ్వు తే సారూ, ఏంచుడు నేను జూస్త" అన్నాడు కౌలుదారు.

రచయిత్రి నవ్వలేదు. "ఎత్తుగా, ఎడంగా అమర్చితే నీడను ఓర్చుకునే పంటలు కొన్ని రావచ్చు, అన్నా. పల్లి సంగతి నాకు తెలియదు. చాలాచోట్ల నేల చదును చేసి కంచె వేసేస్తారు. మీ చేనులో వేస్తున్నారా?"

"చేను నాది గాదమ్మా. దున్నేటోన్ని."

"మరి మిమ్మల్ని అడిగారా?"

అతడు నా వైపు చూడలేదు. "అడుగుతరేమోనని జూస్తున్న."

సూర్యుని ద్వాదశనామాలతో కూర్చుకున్న నా అధ్యక్షోపన్యాసం నాలుక మీదనే ఇంకిపోయింది. ధన్యవాదాలు చెప్పి సభ ముగించాను.

బస్టాండు ఎదుటి చాయ్ హోటలులో కూర్చున్నాక అడిగాను. "నీకు ఎప్పుడు తెలిసింది?"

"కొలతలోళ్లు చేన్ల గూటాలు పాతిననాడే తెలిసింది. గా గూటాలు తప్పిచ్చుకుంటనే కుప్పలు పోసిన."

"నన్ను అడగవలసింది కదా!"

"అడిగితే ఇడిసిపెట్టుమంటరు. అడగకుంటే జర ఆలస్యమన్న అయితది గద సారూ. నా పెండ్లాం నిన్ననే మేస్త్రికి ఫోన్ జేసింది. వారంల బొంబాయి రమ్మన్నడంట."

రచయిత్రి మాటలలో అసత్యమేమీ లేదు. ఎండతో దీపాలు వెలగవలసిందే. చెలక ఎగువన ఎకరం మేర పరుపుబండ ఉంది, దాని మీద గడ్డి కూడా మొలవదు. "పలకలు అక్కడ వేసుకుంటే వేసుకోమని మధ్యవర్తికి చెబుతాను, లేదంటే లేదు. మన్ను ఉన్నంత మేర నువ్వు విత్తుకో" అన్నాను.

"ఎన్నేండ్లు?"

"నేనున్నన్నాళ్లు."

"గది పంచాంగంల గూడ లేదు గద!" అని పకపక నవ్వాడు. నేనూ నవ్వాను.

గల్లా దగ్గర తెల్లకాగితం అడిగి తీసుకున్నాను. ఐదేళ్ల కౌలును సంస్కృత సమాసాలతో రాసి సంతకం చేశాను. అతడు భార్యకు ఫోన్ కలిపి నా చెవికి ఆనించాడు. చదివాను.

"గదేంది సారూ, మంత్రమా?" అన్నదామె.

కాగితం తిప్పి వెనుకవైపు మళ్లీ రాశాను. "ఈ చెలకను ఐదేండ్లు వీళ్లే దున్నుకుంటారు. నేను అడ్డం రాను." అదీ చదివాను.

అవతల ఎక్కడో మేక అరుపు మాత్రం వినిపించింది.

"ఇంకొక్కపారి సదువు సారూ" అన్నది.

మరింత నెమ్మదిగా చదివాను.