మూఢంలో వచ్చిన చట్టం

"మూఢంలో నేను కలం పట్టను. పట్టనంటే పట్టను. మూఢం వెళ్ళాక చూద్దాం."

"అందాకా ఆగడానికి ఆ చట్టం ఏమన్నా మన వాకిట్లో కట్టేసిన గేదా అండీ? రేపటితో గడువు ఆఖరు."

"దాటితే ఏమవుద్ది? పిల్లని రేపల్లె పంపిస్తారు. రేపల్లె ఏమన్నా రంగూనా? మన స్టేషన్లో ఎక్కితే నీ పప్పు ఉడికేలోగా దిగుద్ది. పొద్దున వెళ్ళి సాయంత్రం ఇంటికొస్తుంది. హాస్టలు ఖర్చు మిగుల్తుంది. అగ్గిపుల్ల రెండుసార్లు వాడేదానివి, నీకు నేను చెప్పాలా?"

"అగ్గిపుల్ల రెండుసార్లు వాడతాను కాబట్టే చెబుతున్నా. సగం ఉడికిన అన్నం దించేస్తే మిగిలేది కట్టెలు, పోయేది బియ్యం."

ఇది మా ఆయనకీ నాకూ ఒక శుక్రవారం సాయంత్రం జరిగిన మాటల యుద్ధం. అరవైల్లో సంగతి. మా అమ్మాయి వంటింటి తలుపు చాటున నిలబడి వింటోంది. వినకేం చేస్తుంది, గొడవంతా దాని గురించే.

మా ఊరు వేమూరుకి దగ్గర, తెనాలి నుంచి రేపల్లె వెళ్ళే రైలు దారిలో ఉంది. నేను చదివింది మూడో తరగతి. ఆ తర్వాత మా నాన్న బడి మాన్పించి పసుపు కళ్ళం దగ్గర కూర్చోబెట్టాడు. కూడబలుక్కుని చదువుతాను. సంతకం పెడతాను. ఎవరన్నా నాకు అర్థం కాకుండా మాట్లాడితే అర్థమయ్యేదాకా వాళ్ళని కదలనివ్వను. అంతకు మించిన చదువు నాకు అవసరం పడలేదు. కానీ నాకు పడలేదు కదా అని నా పిల్లకీ పడదనుకునేంత తెలివితక్కువదాన్ని కాదు.

బాపట్లలో అప్పుడొక శిక్షణ కేంద్రం ఉండేది. ఎస్సెల్సీ ప్యాసైన పిల్లల్ని చేర్చుకుని రెండేళ్ళపాటు నేల సంగతి, విత్తనం సంగతి, పాడి సంగతి నేర్పి ఊళ్ళల్లో ఉద్యోగాలకి పంపేవాళ్ళు. పొద్దున పుస్తకం, మధ్యాహ్నం మడి. ఆ పద్ధతి నాకు నచ్చింది. చేతికి మట్టి అంటే చదువు అంత తేలిగ్గా వదిలిపోదు. అందుకే అమ్మాయిని హాస్టల్లో ఉంచడానికి ఒప్పుకున్నాను. నెలనెలా బియ్యం, పచ్చళ్ళు ఇంటి నుంచే పంపాను. ఒకసారి తోటి పిల్లలంతా సూర్యలంక వెళ్తున్నారు, డబ్బులు కావాలంది. "సముద్రం ఎక్కడికీ పోదు, ఉద్యోగం వచ్చాక నీ డబ్బుతో చూద్దువుగాని" అన్నాను. సరేనంది. ఆ పిల్ల మంచితనం అది.

ఏడాది గడిచిందో లేదో, శాసనసభలో చట్టం చేశారని తెలిసింది. ఆ వారం అమ్మాయి చేతిసంచి ఒక్కటి పట్టుకుని ఇంటికొచ్చింది. మొహం వేలాడేసుకుని చెప్పడం మొదలుపెట్టింది. ఇకమీదట కేంద్రం ఒకటిగా ఉండదట. పై చదువు చెప్పే భాగం బాపట్లలోనే ఉండి యూనివర్సిటీ కిందకి వెళ్తుంది. చేతిపని నేర్పే భాగం రేపల్లె వెళ్తుంది, దానికి వేరే శాఖ, వేరే అధికారి.

"అంటే అన్నదమ్ములు వేరుపడ్డారన్నమాట" అన్నాను.

"అలాంటిదేనమ్మా."

"మరి మధ్యలో ఉన్న మీరు ఎవరి వాటాకి వస్తారు?"

అదే అసలు సంగతి. చదువు మధ్యలో ఉన్న పిల్లలు ఎటు ఉంటారో చెప్పుకోవచ్చు. ఇంటి పెద్దవాళ్ళెవరన్నా స్వయంగా వచ్చి సంతకం పెట్టాలి. శనివారంలోగా రానివాళ్ళ పేర్లు రేపల్లె వైపు వేసేస్తారు. రేపల్లె అయితే కొద్ది నెలల్లో చదువు ముగించి, చేతిలో కాగితం పెట్టి, పనిలోకి పంపేస్తారు. బాపట్ల అయితే ఇంకా చదవాలి.

ఇంత చెప్పి కళ్ళు తుడుచుకోబోయింది. "ఏడుపుతో ఏ పనీ కాదు. నీకేం కావాలో చెప్పు" అన్నాను.

"విత్తనాల గది బాపట్లలోనే ఉంటుందమ్మా. తడిగుడ్డలో గింజలు పెట్టి, ఏవి మొలుస్తాయో ఏవి మొలవవో చూసే గది. నాకు ఆ పని బాగా వచ్చింది. ఇంకా చదివితే అక్కడే పిల్లలకి చెప్పే పంతులమ్మని కావచ్చంటున్నారు. రేపల్లెలో ఆ గది లేదు."

పిల్లకి ఏం కావాలో పిల్లకి తెలుసు. సగం పని అయినట్టే అనుకున్నాను. కానీ ఆ మిగతా సగానికి శుక్రమూఢం అడ్డొచ్చింది.

మా వైపు మూఢంలో కొత్త పని ఏదీ మొదలుపెట్టరు. పెళ్ళి చేయరు, కొత్త ఇంట్లో దిగరు, పిల్లని బళ్ళో వేయరు. మా ఆయనకి ఈ పట్టింపు మరీ ఎక్కువ. పెళ్ళైన కొత్తల్లో ఎవరి మాటా వినకుండా మూఢంలో ఎడ్లజత కొన్నారు. అందులో ఒకటి కాలవ గట్టు మీద జారి కాలు విరగ్గొట్టుకుంది. అప్పటి నుంచీ మూఢం అంటే ఆయనకి ఆ ఎద్దు కళ్ళే కనిపిస్తాయి. నేను వెక్కిరించను. ఆ ఎద్దుని నేనూ చూశాను.

ఆయనొక్కరే కాదు, చుట్టుపక్కల ఊళ్ళల్లో పిల్లల్ని అక్కడ చదివిస్తున్న ఇళ్ళన్నీ అలాగే ఆగాయి. మూఢం వెళ్ళగానే మంచి రోజు చూసి సంతకం పెట్టొద్దామని పెద్దలంతా తీరుబడిగా కూర్చున్నారు. సర్కారు కూడా పంచాంగం చూసి గడువు పొడిగిస్తుందని వాళ్ళ ధీమా. తర్వాత మంచి రోజు చూసుకుని, బొట్లు పెట్టుకుని బాపట్ల వెళ్తే, పేర్లు ఎప్పుడో రేపల్లె చేరాయని చెప్పారట. రేపల్లె వెళ్ళిన పిల్లలేమీ చెడిపోలేదు. తొందరగా ఉద్యోగాల్లో చేరి బాగానే బతికారు. కాకపోతే అది వాళ్ళు కోరుకున్న దారి కాదు, పంచాంగం తోసిన దారి.

ఆ శుక్రవారం మధ్యాహ్నమే నేను వేమూరు వెళ్ళి పురోహితుడుగారిని కలిశాను. పెద్దవాళ్ళ దగ్గరికి వట్టి చేతులతో వెళ్ళకూడదని పాదున రెండు ఆనపకాయలు కోసి, చిన్నది పట్టుకెళ్ళాను.

"పంతులుగారూ, మూఢంలో చదువుకి చేరకూడదు కదండీ?"

"కూడదమ్మా."

"చేరి ఏడాదైందండీ. ఇప్పుడు దాని పేరు మార్చారు, యజమానిని మార్చారు."

"చెప్పే గురువులో?"

"వాళ్ళేనండి."

"పిల్ల పడుకునే చోటు?"

"అదే మంచమండి."

"పాత ఇంటికి సున్నం కొట్టించి గృహప్రవేశం చేయించమంటే నేను రానమ్మా" అని నవ్వారు. నేను లేచి దణ్ణం పెట్టుకోబోతుంటే, "ఒక్క మాట. పొద్దున మీ ఆయన కూడా వచ్చాడు. మనసులో శంక ఉంటే ఆగమని ఆయనతో చెప్పాను" అన్నారు.

"ఆయనకో మాటా, నాకో మాటా పంతులుగారూ?"

"ఆయన అడిగింది ఆయన మనసు గురించి. నువ్వు అడిగింది చదువు గురించి. ఆకాశంలో మూఢమైతే నేను చెప్పగలను తల్లీ, మీ ఇంట్లో మూఢం ఎప్పుడు వదులుతుందో నాకు తెలీదు" అన్నారు ఆనపకాయని లోపలికి పంపిస్తూ.

ఇంటికొచ్చి దీపం వెలిగించి, మొదట చెప్పిన ఆ గొడవకి దిగాను. పప్పు, కట్టెలు, బియ్యం అయ్యాక కూడా మా ఆయన తగ్గలేదు.

"చట్టం కొత్తది. బోర్డు కొత్తది. యూనివర్సిటీ అంట, అది మరీ కొత్తది. ఇన్ని కొత్తల్లోకి మూఢంలో పిల్లని తోస్తానా?"

"పసుపు తవ్వి కుప్ప పోశాక ఉడకెయ్యడానికి ఎప్పుడన్నా ముహూర్తం చూశారా?"

"పసుపూ పిల్లా ఒకటేనా?"

"కాదు. పసుపు పాడైతే వచ్చే ఏడు మళ్ళీ పండించి దుగ్గిరాల మార్కెట్టుకి తోలుకోవచ్చు. పిల్లకి ఈ ఏడు మళ్ళీ రాదు."

"నీ నోట్లో నోరు పెట్టడం నాదే బుద్ధి తక్కువ."

"నోరు సంగతి తర్వాత. మీకు ప్రస్థానం మీద నమ్మకం ఉందా, లేదా?"

ఆయన తలెత్తి చూశారు. మాలో ప్రస్థానం అని ఒక ఆచారం ఉంది. ప్రయాణం చేయాల్సిన రోజు మంచిది కాకపోతే, ముందే ఒక మంచి రోజు చూసి బట్టల మూట పొరుగింట్లో పెట్టిస్తారు. మూట గడప దాటిందంటే ప్రయాణం మొదలైనట్టే. ఆ తర్వాత మనిషి ఏ రోజు కదిలినా దోషం లేదు. మా ఆయన ఏ ఊరు వెళ్ళాలన్నా ఇది తప్పనివ్వరు.

"ఉంది. అయితే?"

"పిల్ల ట్రంకుపెట్టె ఇప్పుడెక్కడుంది?"

"బాపట్ల హాస్టల్లో."

"అక్కడ పెట్టిందెవరు?"

"నేనే."

"ఏ రోజు పెట్టారు? మీరే పంచాంగం చూసిన రోజు కాదూ? మూఢం ఊసే లేని రోజు కాదూ? మూట పొరుగింట్లో ఉంటేనే ప్రయాణం మొదలైనట్టు కదా, పెట్టెకి పెట్టే బాపట్లలో ఉంటే ఇంక ఆగిందెక్కడ?"

తలుపు చాటు నుంచి కిసుక్కున నవ్వు వినిపించింది. "లోపలికి పోవే" అన్నాను. పోలేదు.

మా ఆయన తలుపు వైపు ఒకసారి చూసి, నా వైపు తిరిగారు. "నువ్వు మూడో తరగతిలో ఆగిపోబట్టి సరిపోయింది. ఇంకో రెండు చదివుంటే గుంటూరు కోర్టులో ప్లీడర్లకి అన్నం పుట్టేది కాదు" అన్నారు.

"మరి రేపు వస్తున్నారా?"

"మూఢంలో సంతకం పెట్టనన్నాను. ఆడిన మాట ఆడినట్టే."

"రావడం గురించి అడిగాను."

కాళ్ళు కడుక్కోవడానికి లేచారు. పీట వాల్చి వడ్డించాను. మారు అన్నం వడ్డించుకుని తిన్నారు. ఆయన వస్తే సరి, రాకపోతే నేనూ అమ్మాయీ వెళ్తాం. సంతకానికి పెద్దవాళ్ళన్నారు గానీ మగవాళ్ళే అనలేదు. ఈ మాట అమ్మాయిని ముందే నాలుగుసార్లు అడిగి తేల్చుకున్నాను.

మర్నాడు పొద్దున పెరుగన్నం మూట కట్టుకుని, తలుపుకి తాళం వేసి బయటికొస్తే, ఆయన ఉత్తరీయం వేసుకుని వాకిట్లో నిలబడి ఉన్నారు. "బండి వచ్చే వేళైంది" అని ముందు నడిచారు. తెనాలిలో బండి మారాం. ముగ్గురం బాపట్లలో దిగి కేంద్రం గేటు దాకా నడిచాం. అక్కడ ఆయన ఆగిపోయారు.

"నేను లోపలికి రాను. నువ్వెళ్ళి పెట్టు. నిన్ను వద్దన్నానా?"

నేనూ అమ్మాయీ ఆఫీసులోకి వెళ్ళాం. గుమాస్తా ఎటని అడిగాడు. "ఇక్కడే" అంది అమ్మాయి. సంతకం ఎక్కడ పెట్టాలో చూపించాడు. ఆ పైన ఉన్న నాలుగు ముక్కలూ కూడబలుక్కుని చదివి సంతకం పెట్టాను. అమ్మాయి అటునుంచి అటే క్లాసుకి వెళ్ళిపోయింది.

నేను గేటు దగ్గరికి వచ్చేసరికి ఆయన గోడ నీడలో కూర్చుని ఉన్నారు.

"అయిందా?"

"అయింది."

"అయితే పద" అని లేచారు. స్టేషన్లో పెరుగన్నం తిని, మధ్యాహ్నం బండికి ఇంటికొచ్చాం.