చిన్నమ్మ చుట్టిన రాగితీగ

మొన్న ఎల్బీ నగర్ మెట్రో కింద సిగ్నల్ దగ్గర మా ఆటో పక్కన ఒక పాత ట్రాక్టర్ ఆగింది. ఇంజిన్ నెమ్మదిగా టుకుటుకుమంటున్నా లైట్లు మాత్రం తెల్లగా, నిలకడగా వెలుగుతున్నాయి. డైనమో తీసేసి ఆల్టర్నేటర్ పెట్టించారన్నమాట. మా చిన్నాయన గుర్తొచ్చాడు. దిల్‌సుఖ్‌నగర్ చేరేదాకా ఆటో అతను ఏం మాట్లాడాడో నాకు వినపడనే లేదు.

నల్గొండ దగ్గరి పల్లె నుంచి వచ్చిన చిన్నాయన ఈ ఎల్బీ నగర్‌లోనే, బస్సులు ఆగే చోటు వెనక సందులో, బండ్ల కరెంటు పనుల దుకాణం పెట్టాడు. పాత ట్రాక్టర్లకు కరెంటు పుట్టించేది డైనమోనే. ఇంజిన్ జోరుగా తిరిగితేనే దానికి ఓపిక. నెమ్మదిస్తే లైట్లు నిద్రమొహం వేసేవి. అది కాలిపోతే విప్పడం, బిగించడం చిన్నాయన పని. లోపల తిరిగే ఆర్మేచర్‌కు కొత్త రాగితీగ చుట్టడం చిన్నమ్మ పని. గోడవారగా పీట వేసుకుని, వార్నిష్ వాసనలో, తీగ కొసల్ని తెల్లదారంతో పూలమాల కట్టినంత ఒద్దికగా కట్టేది. వాళ్లకు పిల్లల్లేరు. బెల్టు బిగువు గురించి పొద్దంతా కొట్లాడుకుని, మధ్యాహ్నం ఒకే డబ్బాలో తినేవాళ్లు.

అందరూ ఇంజిన్ నెమ్మదించినా కరెంటిచ్చే, చేత్తో తీగ చుట్టే పనిలేని ఆల్టర్నేటర్లకు మారుతున్నా చిన్నాయన మాత్రం అడగొచ్చినవాళ్లను తిప్పి పంపేవాడు. "గీ డైనమోకు ఏమైంది? మా ఇంటామె చుట్టి ఇస్తది, ఏండ్లకేండ్లు చూడక్కర్లేదు" అనేవాడు. మొండితనం అనుకున్నాం. పక్కనున్న పీట ఖాళీ అవుతుందని ఆయన భయమట.

పీట ఇంకోలా ఖాళీ అయింది. చిన్నమ్మ కడుపులో గడ్డ ఉందని తెలిసేసరికే ఆలస్యమైపోయింది. దవాఖానలో మంచం పక్కన నేనూ ఉన్నాను. "ఇగ ఆల్టర్నేటర్లు పెట్టు" అంది ఆయనతో.

"నువ్వు లేచినంక చూద్దాం తియ్యి."

"నేను లేచేదుంటే నేనే చుట్టనా? పెట్టు. గిరాకీ పోగొట్టుకోకు."

ఆమె పోయాక ఆ మాట ప్రకారమే చేశాడు. పెద్ద అంబర్‌పేట్ అవతలి నుంచి కూడా ట్రాక్టర్లు, జీపులు వచ్చేవి. ఊడదీసిన ప్రతి డైనమోనూ విప్పి చూసేవాడు. దారం ముడి చిన్నమ్మదైతే ఆ ఆర్మేచర్‌ను తుడిచి వనస్థలిపురం ఇంటికి పట్టుకెళ్లేవాడు. మంచం కింద, బీరువా మీద, వంటింటి అటక మీద అవే. "చూడు బిడ్డా, గిది నాతోని లొల్లి పెట్టుకొని చుట్టింది. ఎంత గట్టిగ గుంజిందో!" అని నవ్వేవాడు.

రానురాను డైనమో బండ్లు రావడం తగ్గింది. ఒక సాయంత్రం నేను వెళ్లేసరికి, అప్పుడే ఒక ట్రాక్టర్‌కు ఆల్టర్నేటర్ బిగించి పంపించి, దాని పాత డైనమోను ఒళ్లో పెట్టుకుని మెట్టు మీద కూర్చున్నాడు. "శాన దినాలకు ఒక్కటొచ్చింది" అన్నాడు. విప్పి, ముడిని వేలితో తడిమాడు. మళ్లీ తడిమాడు.

"మీ చిన్నమ్మది కాదు బిడ్డా. ఇగ రావేమో."

ఆయన మెట్టు మీదే ఉన్నాడు; షట్టర్ నేనే దించాను. చిన్నమ్మ పోయి అప్పటికి చాలా ఏళ్లు. చిన్నాయనకు మాత్రం ఆమె ఆ సాయంత్రమే పోయింది.